ఆదివారంతో మొదలయ్యే వారం

తలుపు వేసుకున్నారు. తీర్పు తేల్చాల్సిన జ్యూరీ పన్నెండు మందీ లోపల, తక్కిన ప్రపంచమంతా బయట. ఆ బయటివాళ్లలో నెల్సన్ హోస్టెటర్ ఒకడు. కోర్టు పై అంతస్తు వరండాలో కిటికీ వారగా ఉన్న చెక్క బెంచీ మీద, కోటు మడిచి ఒళ్లో పెట్టుకుని, ఎవరో తనని అక్కడ మరచిపోయి వెళ్లినట్టు కూర్చున్నాడు. అద్దంలోంచి సస్క్వెహానా నది కనిపిస్తోంది. మార్చి నెల. ఎగువన మంచు కరిగి, నీళ్లు బురదరంగు తిరిగి, వంతెన కాళ్లను ఒరుసుకుంటూ నిదానంగా పోతున్నాయి. హారిస్‌బర్గ్‌లో పుట్టి పెరిగినవాడికి ఆ నదిలో కొత్తగా చూసేదేమీ లేదు, కానీ జ్యూరీ కోసం కాచుకున్నవాడి కంటికి కదిలేది ఏదో ఒకటి కావాలి. ఇదే వరండాలో, బహుశా ఇదే బెంచీ మీద, వయసులో ఉన్నప్పుడు ఎన్నిసార్లు కూర్చోలేదు తను! అప్పుడు ప్రభుత్వం తరఫు లాయరు. నల్ల సూటు, చేతిలో ఫైలు, పక్కన ఓరిన్ టాల్‌మన్ అనే ఫెడరల్ ఏజెంటు, అంటే కేంద్రం పోలీసు. అప్పట్లో ఎదురుచూపుకి ఒక వైపంటూ ఉండేది. 'దోషి' అనాలి, అంటే గెలిచినట్టు. ఈ రోజు ఆ వైపు ఏదో తెలియకుండా కూర్చోవడం వింతగా ఉంది. ఆకలి వేస్తోందో లేదో తెలియని కడుపులాగా ఉంది మనసు.

నిజానికి ఇక్కడ అతనికి పనేం లేదు. సోమవారమే ఇంటికి పొమ్మన్నారు. పత్రికకి వ్యాసం రాయాలి కాబట్టి వస్తున్నానని లోయిస్‌తో చెప్పాడు. లోయిస్ అతని భార్య, బళ్లో పిల్లలకి పాటలు నేర్పుతుంది, ఎవరు శ్రుతి తప్పారో ఇట్టే పట్టేస్తుంది. పొద్దున రొట్టె మీద వెన్న రాస్తూ తలెత్తకుండానే, "వ్యాసం కోసమైతే ఇంట్లో కూర్చుని రాస్తావుగా ఎప్పుడూ. లోకంలో ఏ కేసుకి పోయి చూసి రాశావు నువ్వు?" అంది. అదీ నిజమే. వారానికి రెండు వ్యాసాలు, శనివారం రేడియోలో ఒక గంట. ఇన్నేళ్లుగా చట్టం గురించి చెప్పి బతుకుతున్నాడు తను, సంప్రదాయవాదుల పత్రికలో, సంప్రదాయవాదిగానే. రాజ్యాంగం ఏం రాసిందో అదే చదవాలి, జడ్జి తన కోరికని అందులోకి తోసి చదవకూడదు. పోలీసుకి గౌరవమివ్వాలి, దబాయించే అధికారికి మాత్రం ముకుతాడు ఉండాలి. చట్టం నచ్చకపోతే వాషింగ్టన్ వెళ్లి మార్పించు, అంతేగాని జ్యూరీ కూర్చునే పెట్టెలో కూర్చుని దాన్ని చించకు. ఈ చివరి మాట ఎన్నిసార్లు రాశాడో! ఒకప్పుడు దక్షిణాదిలో తెల్లవాళ్ల జ్యూరీలు, ఎదుట నెత్తురు కనిపిస్తున్నా, తమవాడే కదా అని నల్లవాళ్లని చంపిన హంతకుల్ని వదిలేశాయి. చట్టాన్ని పక్కన పెట్టి మనసు చెప్పినట్టు చేస్తాననే జ్యూరీకి ఏ మనసు ఉంటుందో ముందుగా ఎవరు చెప్పగలరు? ఆ వాదనలో ఇప్పటికీ ఎక్కడా చిల్లు కనిపించదు అతనికి. చిల్లు లేని బకెట్టు కూడా ఒక్కోసారి ఎందుకో బరువుగా ఉంటుంది.

వరండా అటు చివర ఇంకో బెంచీ మీద ముద్దాయి కూర్చుని ఉంది. పేరు వెర్నా జైగ్లర్. డెబ్బై దాటిన మనిషి. ఊదారంగు స్వెట్టరు, కాళ్లకి తెల్లటి నడక బూట్లు, ఒళ్లో గుడ్డసంచి. పెరీ కౌంటీలో ఒక బడిలో ముప్పై ఏళ్ల పాటు పిల్లలకి వండి పెట్టింది. ఇలాంటామె ఫెడరల్ కోర్టులో ముద్దాయి అయిందంటే నవ్వొస్తుంది, ఆ చట్టం తెలిసినవాడికి మాత్రం నవ్వు రాదు. ఫెడరల్ అధికారి అడిగినదానికి కావాలని అబద్ధం చెబితే ఐదేళ్ల దాకా జైలు. ప్రమాణం చేయించనక్కర్లేదు, సంతకం అక్కర్లేదు, పొయ్యి దగ్గర నిలబడి గరిటె తిప్పుతూ అన్న మాటైనా సరే. వాళ్లు మాత్రం మనతో అబద్ధమాడవచ్చు, అది నేరం కాదు. ఈ చట్టాన్ని తిడుతూ నెల్సన్ రాసిన వ్యాసాలు కట్టగడితే తలగడంత అవుతాయి. ఆమె మేనల్లుడు కర్టిస్ తుపాకుల దొంగ. దుకాణాల తాళాలు పగలగొట్టి ఎత్తుకొచ్చి అమ్మేవాడు. వాడు శనివారం సాయంత్రం అత్త ఇంటికొచ్చి, తిని, సోఫాలో కాసేపు పడుకుని, అర్ధరాత్రి కాకముందే వెళ్లిపోయాడు. సోమవారం పొద్దున ఇద్దరు ఏజెంట్లు తలుపు తట్టారు. వెర్నా అప్పుడు ఆపిల్ పళ్ల గుజ్జు ఉడకబెడుతోంది. "ఈ వారం కర్టిస్ ఇక్కడికి వచ్చాడా అమ్మా?" అన్నారు. "లేదు" అంది. వచ్చాడని వాళ్లకి అప్పటికే తెలుసు. పక్కింటి కొట్టం మీది కెమెరాలో వాడి ట్రక్కు పడింది. కర్టిస్ ఆ తర్వాత ఒహాయోలో దొరికాడు, నేరం ఒప్పుకున్నాడు, జైలుకెళ్లాడు. మిగిలింది ఈవిడ అన్న 'లేదు' ఒక్కటే. ఆవిడ లాయరు చెప్పేదేమంటే, చర్చికి పోయే మనిషికి వారం ఆదివారంతో మొదలవుతుంది, శనివారం అంటే పోయిన వారం, కాబట్టి ఆవిడ చెప్పింది ఆవిడ లెక్కలో నిజమే. అది విని కోర్టులో కొందరు నవ్వారు. నెల్సన్ కూడా మనసులో నవ్వుకున్నాడు. లాయర్లు అల్లే సాలెగూడు అనుకున్నాడు. తర్వాత ఇంటికెళ్లి వంటింట్లో గోడకున్న క్యాలెండరు చూశాడు. మొదటి గడి ఆదివారమే. అరవై ఏళ్లుగా ఆ గడినే మొదట చూస్తున్నాడు, ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

సోమవారం. జ్యూరీని ఎంచిన ఈ సోమవారం సంగతి మనసు వదలడం లేదు, నాలుక పంటి సందు దగ్గరికే పోయినట్టు పోతోంది. ఊళ్లో అందరికీ వచ్చినట్టే జ్యూరీకి రమ్మని తనకీ పిలుపు వచ్చింది. తనలాంటివాణ్ణి ఎవరుంచుకుంటారు, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటా అనుకుని వెళ్లాడు. పేరు పిలిచారు, పెట్టెలో కూర్చోబెట్టారు. జడ్జి గారు పొట్టి మనిషి, అద్దాలు ముక్కు చివర, గొంతులో తొందర ఉండదు. అందరినీ అడిగి చివరికి ఇతని దగ్గరికొచ్చారు. లాయర్లిద్దరినీ పిలిచి, ఇతన్ని కూడా బల్ల దగ్గరికి రమ్మని, పక్కవాళ్లకి వినపడకుండా అడిగారు. "హోస్టెటర్ గారూ, మీరు ఈ చట్టం గురించి రాశారు కదా?" "రాశానండీ." "మీకిది నచ్చదు." "నచ్చదండీ." "ఇదే చట్టమని నేను మీకు చెబితే, నచ్చినా నచ్చకపోయినా దాని ప్రకారమే తీర్పు చెబుతారా?" గడియారం ముల్లు కదలడానికి పట్టేంత సేపు కూడా పట్టలేదు. "చెబుతానండీ" అన్నాడు. అంత సులువుగా ఎలా అన్నాడు! ఆ మాట అబద్ధం కాదు, అదే కదా తంటా. వెనక్కి తిరిగి కుర్చీ దగ్గరికి వస్తుంటే ముద్దాయి బల్ల దగ్గర ఊదారంగు స్వెట్టరు కనిపించింది. ఆ ముసలామె తన చేతులు తను పట్టుకుని కూర్చుంది, చర్చిలో ప్రసంగం ఎప్పుడైపోతుందా అని చూసేవాళ్లలా. కాసేపటికి గుమాస్తా తీసేసినవాళ్ల పేర్లు చదివింది. కారణం చెప్పకుండా కొందరిని తీసేసే హక్కు రెండు పక్షాలకీ ఉంటుంది, ఎవర్ని ఎవరు తీశారో పైకి చెప్పరు. హోస్టెటర్ అనే పేరు వినగానే లేచాడు. ప్రభుత్వమే తీయించి ఉంటుంది, ఇంకెవరు తీస్తారు? ఆ మాటే ఎడిటర్ ప్రెస్టన్‌కి ఫోన్లో చెప్పాడు. ప్రెస్టన్ ఎగిరి గంతేశాడు. "నెల్సన్, నీకు దండం పెట్టాలి! సర్కారు నీ ఒక్కడికి జడిసింది, తెలుస్తోందా? ముసలమ్మ మీద కేసు పెట్టడానికి జంకలేదు, నీ కలానికి జంకింది. ఇదే శీర్షిక. నువ్వు తీరిగ్గా రాయి, తీర్పు రాగానే వేసేద్దాం." రాశాడు కూడా. దోషి అంటే ఒకటి, నిర్దోషి అంటే ఇంకొకటి, రెండూ రాసి పెట్టాడు. రెండింటి మొదటి వాక్యమూ ఒకటే.

అయితే ఆ సోమవారంలోనే ఇంకోటి జరిగింది, అది ప్రెస్టన్‌కి చెప్పలేదు, లోయిస్‌కీ చెప్పలేదు. ఎంపికకి ముందు, నీళ్ల కుళాయి దగ్గర, ఒకావిడ. చాక్లెట్ ఫ్యాక్టరీలో పని, రెండో షిఫ్టు, ఆకుపచ్చ టోపీ, మాట గట్టి. వరసలో తన వెనకాల నిలబడి, "మీరు లాయరంటగా, అక్కడ పెద్దాయన అంటున్నాడు" అంది. "ఒకప్పుడు" అన్నాడు. ఆవిడ గొంతు తగ్గించింది. "ఒక్క మాట అడుగుతా ఏమనుకోకండి. మనకి ఆ చట్టం మంచిది కాదనిపిస్తే ముద్దాయిని వదిలేయొచ్చా? మా తమ్ముడు వదిలేయొచ్చంటాడు. వాడు చెప్పేవన్నీ అబద్ధాలే అనుకోండి." నీళ్లు నోట్లోనే ఉన్నాయి నెల్సన్‌కి. జవాబు ఒక్క వాక్యం. వదిలేయొచ్చు, నిర్దోషి అన్న జ్యూరీని ఎందుకన్నావని ఈ దేశంలో ఎవడూ అడగలేడు. జడ్జి ఆ సంగతి మీకు చెప్పడు, చెప్పకూడదు కూడా. అది నిజం, అతనికి తెలిసిన నిజాల్లోకెల్లా గట్టి నిజం. ఆ నిజాన్ని ఎవరికీ చెప్పకూడదని వాదిస్తూ వచ్చినవాడు తను. నీళ్లు మింగి, "అది నన్నడక్కండమ్మా, జడ్జి గారినడగండి" అన్నాడు. "మంచిది" అంది ఆవిడ, అంత తెలియనివాడివి లాయరెలా అయ్యావన్నట్టు చూసి. ఆవిడ పేరు మాత్రం ఎవరూ కొట్టేయలేదు. ఇప్పుడు ఆ తలుపు వెనక ఉన్న పన్నెండు మందిలో ఆవిడ ఒకర్తె. ఈ మూడు రోజులూ ఆ ఆకుపచ్చ టోపీని ఒళ్లో పెట్టుకుని, పెన్సిలు నములుతూ వింది. తను ఆ రోజు చెప్పకపోవడం సరైనదే. పెట్టెలో కూర్చోబోయేవాళ్ల చెవిలో ఊదడం కంటే పెద్ద తప్పు ఉండదు. సరైన పని చేసి ఇలా కూర్చోవడమేమిటి, దొంగతనం చేసినవాడిలా?

ఓరిన్ ఉంటే నవ్వేవాడు. ఉన్నాడనుకో, ఫ్లోరిడాలో ఉన్నాడు, మాటలే లేవు. ఒక చలికాలమంతా ఇద్దరూ కలిసి సన్‌బరీ దగ్గర రోడ్డు పక్క కారులో కూర్చుని ఒక గోదాము వైపు చూశారు. కారు అద్దాల మీద ఊపిరి గడ్డకట్టేది. ఓరిన్ ఫ్లాస్కులోంచి సూపు పోసిచ్చేవాడు, మొక్కజొన్నా కోడిమాంసం, వాళ్లావిడ చేసింది. ప్రశ్న ఎలా అడగాలో లా కాలేజీలో ఎవరూ చెప్పలేదు, ఓరిన్ చెప్పాడు. "తెలియనిది అడుగు నెల్సన్. తెలిసిందే అడిగితే అది ప్రశ్న కాదు, గాలం. ఒక్కోసారి గాలం వెయ్యాలి, కాదనను. అయితే పెద్ద చేపకే వెయ్యి." ఎంత నిదానమైన మనిషి! అలాంటివాళ్లే ఎక్కువ, ఇప్పటికీ. రెండు పార్టీలవాళ్లూ వంతులేసుకుని తిట్టే ఆ సంస్థల్లో, పొద్దున్నే లేచి పిల్లల్ని బడిలో దింపి పనికిపోయే మనుషులే ఎక్కువ. అవతలి పార్టీ గద్దె మీద ఉన్నప్పుడు, ప్రాసిక్యూటర్లు తమవాడొకణ్ణి ఎప్పుడూ లేని కొత్త సిద్ధాంతం పట్టుకుని వెంటాడుతున్నారని నెల్సన్ రాశాడు. ముందు మనిషిని ఎంచుకుని తర్వాత నేరం వెతకడం న్యాయం కాదన్నాడు. పాఠకులు ఆ వ్యాసాన్ని కత్తిరించి ఫ్రిజ్‌లకి అంటించుకున్నారు. ఓరిన్ మాత్రం ఫోన్ చేశాడు. "మా కుర్రాళ్లని దొంగల్ని చేశావురా" అన్నాడు. "వాళ్లని కాదు, పై వాళ్లని" అన్నాడు తను. "నీ వ్యాసం చదివి మా కుర్రాళ్ల ఇళ్ల మీద రాళ్లేసేవాడికి ఆ తేడా తెలుసా?" ఆ ఏడాది నుంచి క్రిస్మస్ కార్డు రాలేదు. ఆ తర్వాత తమ పార్టీ వచ్చింది. తమ పార్టీ కూడా మనుషుల్ని ముందు ఎంచుకోవడం మొదలుపెట్టింది. నెల్సన్ ఆ పాత వ్యాసమే మళ్లీ రాశాడు. లోయిస్ చదివి, "పేర్లు మార్చావు, కామాలు కూడా మార్చలేదు" అంది. ఈసారి ఫ్రిజ్‌లకి ఎవరూ అంటించుకోలేదు. ద్రోహి అన్నారు, ఎంతకి అమ్ముడుపోయావన్నారు, రేడియోకి ఫోన్ చేసి ఒకాయన ఏడ్చాడు కూడా. ఆ ఏడుపు తిట్లకంటే కష్టంగా తోచింది. ఆ వ్యాసమైనా ఓరిన్ చదివాడో లేదో.

నది మీద ఒక చెట్టు దుంగ కొట్టుకొస్తోంది, దాని మీద ఒక బాతు. వంతెన దగ్గర దుంగ వంతెన కాలికి తగిలి మెల్లిగా తిరిగింది. బాతు లేవలేదు.

వరండాలోనే, కిటికీకి ఆ పక్క గోడకి ఆనుకుని నిలబడ్డవాడు ఏజెంటు, బ్రెంట్ ఓస్వాల్ట్. ఆపిల్ గుజ్జు ఉడికే వేళ వెర్నా తలుపు తట్టిన ఇద్దరిలో ఇతనొకడు. ముప్పై అయిదు ఉంటాయేమో, చెవులు పెద్దవి, రైతుబిడ్డ చేతులు. మంగళవారం బోనెక్కాడు. సాక్ష్యం చెప్పేటప్పుడు చాలామంది ఏజెంట్లు బడిలో పద్యం అప్పజెప్పినట్టు అప్పజెబుతారు. ఇతను అలా కాదు. వెర్నా తరఫు లాయరు రోసలిన్ పైక్, సన్నగా ఉండే అమ్మాయి, ప్రభుత్వం పేదలకిచ్చే లాయరు, అతన్ని అడిగింది. "ఆ మాటలు మీరు రికార్డు చేశారా?" "లేదండీ." "ఫోను జేబులో ఉందా?" "ఉందండీ." "'ఈ వారం' అనే అన్నారా, 'ఈ మధ్య' అన్నారా?" అతను చాలాసేపు ఊరుకున్నాడు. ప్రభుత్వం తరఫు లాయరు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. "వారం అనే అన్నాననుకుంటున్నానండీ. కారులోకి వెళ్లాక అలాగే రాసుకున్నాను" అన్నాడు చివరికి. "ఆవిడ మీకు ఏమైనా పెట్టిందా?" "రొట్టె, ఆపిల్ గుజ్జు పెట్టిందండీ." "తిన్నారా?" "తిన్నామండీ. చాలా బాగుంది." జ్యూరీలో నవ్వు. వెర్నా కూడా నవ్వింది, వంట మెచ్చుకున్నవాళ్ల వైపు చూసి నవ్వినట్టు. ఆ రాత్రి నెల్సన్ మంచం మీద వెల్లకిలా పడుకుని తన తీర్పు తనే చెప్పుకున్నాడు. దోషి. ఆవిడకి తెలుసు వాళ్లేం అడుగుతున్నారో. రొట్టె పెట్టింది అందుకే. బుధవారం వెర్నా బోనెక్కి, "వాడు శనివారం వచ్చాడు, ఆ అబ్బాయి అడిగింది ఈ వారం గురించి, నేను జవాబు చెప్పాను" అని, ఇంక ఏం కలపకుండా ఆపేసింది. ఆ రాత్రి తీర్పు మారింది. అనుమానం ఉంది, అనుమానముంటే వదలాలి, చట్టమే అలా అంటోంది. మళ్లీ తెల్లవారుజామున మెలకువ వచ్చి, అది అనుమానమా, జాలికి అనుమానం చొక్కా తొడిగావా అని తనని తనే నిలదీసుకున్నాడు. ఆ కుర్చీలో తనే ఉండి ఉంటే! ఇందుకే వస్తున్నాడు రోజూ, లోయిస్‌కి చెప్పలేనిది ఇదే. ఆ రోజు అంత సులువుగా అన్న 'చెబుతానండీ'కి అర్థమేమిటో ఆ పన్నెండు మంది నోట వినాలి.

అడుగుల చప్పుడైంది. తలెత్తితే ఊదారంగు స్వెట్టరు. "ఎండ ఇటే పడుతోంది బాబూ, కాస్త జరుగుతావా? అక్కడ కూర్చుంటే మోకాళ్లు బిగుసుకుపోతున్నాయి" అంది వెర్నా జైగ్లర్. జరిగాడు. ఆవిడ కూర్చుని, గుడ్డసంచిలోంచి ఉప్పు రొట్టెముక్కల పొట్లం తీసి, మెలికలు తిరిగినది ఒకటి అతని చేతిలో పెట్టింది, అక్కర్లేదనే వ్యవధి ఇవ్వకుండా. "మా లాయరమ్మాయి కాఫీకి వెళ్లింది. పాపం నిన్నటి నుంచీ ఏమీ తినలేదు, నేనే తినమని పంపాను." ఇద్దరూ కొరికారు. నదివైపు చూశారు. ముద్దాయి పక్కన కూర్చుని ఉప్పు రొట్టె తింటున్న తనని ప్రెస్టన్ చూస్తే శీర్షిక ఏం పెడతాడో అనుకున్నాడు నెల్సన్.

"నువ్వు మొదట ఆ పెట్టెలో కూర్చున్నాయనవి కదూ?" అంది ఆవిడ.

"అవునమ్మా. తీసేశారు."

"ఎరగనా? మా లాయరమ్మాయే తీసేసింది. నేను వద్దన్నాను. ముఖం చూస్తే మంచాయనలా ఉన్నాడే, ఉండనీ అన్నాను."

"ఆవిడేమంది?"

"'మంచాయనే వెర్నా, నా భయం కూడా అదే' అంది. 'జడ్జి గారితో అన్న మాట తప్పడు, తప్పే మనిషి అయితే ఉంచేదాన్ని' అంది." ఉప్పు రేణువులు ఒళ్లోంచి దులుపుకుంది. "నాకైతే అర్థం కాలేదు బాబూ. మాట తప్పనివాడు అక్కర్లేకపోవడమేంటి?"

నెల్సన్‌కి శాలువా కప్పి చెంపదెబ్బ కొట్టినట్టు ఉంది. సర్కారు తనకి జడవలేదు. సర్కారు తనని హాయిగా ఉంచుకునేది, తన తలగడంత వ్యాసాలన్నీ చదివి కూడా. బల్ల దగ్గర ఆ రోజు రోసలిన్ పైక్ తన ముఖం వైపు చూసిన చూపు ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు దాన్ని ఆశ అనుకున్నాడు. అది కొలత, దర్జీ టేపు పట్టి చూసినట్టు. ముప్పై కూడా నిండని పిల్ల, తన వ్యాసాలు ఎన్ని చదివిందో ఏమో, 'చెబుతానండీ' అన్న ఒక్క మాటతో తన బతుకంతా చదివేసింది. కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. రావలసిన చోట ఏదో వదులైంది. బిగుతు బూటు విప్పినప్పుడు పాదానికి కలిగే హాయీ నొప్పీ కలిసిన అనుభూతి లాంటిది. తనని సరిగ్గా అర్థం చేసుకున్నవాళ్లు ఇన్నేళ్లలో ఎంతమంది? మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, తిట్టినవాళ్లు ఉన్నారు, ఫోన్లో ఏడ్చినవాడున్నాడు. తన మాటని ఉన్నదున్నట్టు తీసుకుని, నమ్మి, అందుకని వద్దనుకున్నది ఈ పిల్లే. ఇంతకీ ఆ అమ్మాయి అనుకున్నది నిజమేనా? మంగళవారం రాత్రి తీర్పయితే నిజమే. బుధవారం రాత్రిదయితే కాదు. పన్నెండు మంది మధ్య కూర్చుంటే ఏ రాత్రి గెలిచేదో?

"ఇంకోటి తీసుకో. సిగ్గుపడకు" అని పొట్లం ముందుకి పెట్టింది వెర్నా. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని, కొంచెం అతని వైపు వంగి, వంటింట్లో రహస్యం చెప్పే గొంతుతో, "నీతో చెబితే ఏం గానీ బాబూ, ఆ రోజు ఆ అబ్బాయి అడిగినప్పుడు నేను నిజానికి..." అంది.

"వద్దమ్మా."

చెయ్యి కూడా అడ్డం పెట్టాడు, రోడ్డు మీదికి పరిగెత్తే పిల్లని ఆపినట్టు. ఆవిడ ఉలిక్కిపడి చూసింది. "ఆ మాట నాకు చెప్పకండి. ఎవరికీ చెప్పకండి. లోపల వాళ్లింకా మాట్లాడుకుంటున్నారు. నేను పత్రికలో రాసేవాణ్ణి, పైగా అదిగో ఆ ఏజెంటు చెవికి మనం ఎంతో దూరం లేం." ఆవిడ బ్రెంట్ ఓస్వాల్ట్ వైపు చూసింది. అతను ఇటు వినకూడదనే కాబోలు, ముఖం గోడవైపు తిప్పుకుని ఫోను చూస్తున్నాడు. "మంచి పిల్లాడే" అంది వెర్నా. "అవును" అన్నాడు నెల్సన్. ఆగిన ఆ వాక్యం మాత్రం ఇద్దరి మధ్యా బెంచీ మీద కూర్చుంది. రెండో సగం ఏమై ఉంటుంది? నిజానికి అబద్ధమే చెప్పాను? నిజానికి ఆదివారం నుంచే లెక్కేసుకున్నాను? నిజానికి పొయ్యి మీద గుజ్జు మాడుతుంటే ఏమడిగాడో వినిపించుకోలేదు? ఇన్నేళ్లూ తెలుసుకోవడమే వృత్తిగా బతికినవాడు, చేతికి అందిన జవాబుని తన చేత్తోనే తోసేశాడు. తోసేసినందుకు విచారం లేదు. కుతూహలం మాత్రం వదలదు, ఆకలిగొన్న పిల్లిలా కాళ్లకి రాసుకుంటూ తిరుగుతుంది.

కోర్టు హాలు తలుపు తెరుచుకుంది. నీలం కోటు వేసుకున్న కోర్టు జవాను, "తేల్చారు. రండి" అన్నాడు, భోజనానికి పిలిచినట్టు మామూలుగా. రోసలిన్ పైక్ రెండు కాఫీ కప్పులతో పరుగున వచ్చింది, ఒకటి ఒలికింది. వెర్నాని చెయ్యి పట్టి లేపింది. బెంచీ మీద నెల్సన్ని చూసి ఒక్క క్షణం ఆగింది. అతను తల పంకించాడు. ఆ పిల్ల కూడా పంకించింది, అంతే.

లోపల వెనక బెంచీ మీద కూర్చున్నాడు. జ్యూరీ లోపలికి వచ్చే ముందు అందరూ లేచి నిలబడతారు. జడ్జికి నిలబడ్డట్టే ఆ పన్నెండు మందికీ నిలబడతారు, ఫ్యాక్టరీ మనిషికీ, విశ్రాంత పోస్ట్‌మన్‌కీ, గుర్రాల డాక్టరుకీ. అతనికి కోర్టులో అన్నిటికంటే ఇష్టమైన ఘడియ అదే, ఎన్నడూ రాయలేదు దాన్ని. వాళ్లు వరసగా వచ్చారు. దోషి అనబోయేవాళ్లు ముద్దాయి ముఖం చూడరని పాత నమ్మకం. నెల్సన్ వాళ్ల కళ్లు వెతికాడు. ఒకరు చూశారు, ఒకరు చూడలేదు, ఆకుపచ్చ టోపీ ఆవిడ తన బూటు లేసు కట్టుకోవడానికి వంగింది. కాలం అంటే ఇంత నెమ్మదిగా ఉంటుందా? కాగితం గుమాస్తా చేతికి, గుమాస్తా చేతినుంచి జడ్జి చేతికి, మళ్లీ వెనక్కి. ముందు బెంచీ అంచు పట్టుకున్న తన వేళ్లు తెల్లబడ్డాయని చూసుకున్నాడు. ఎవరి తరఫున ఈ బిగింపు? గుండె ఒక మాట కోరుతోంది, స్పష్టంగా, సిగ్గులేకుండా, ఏ వ్యాసం అడ్డం వచ్చినా ఆగకుండా కోరుతోంది. పోస్ట్‌మన్ లేచి గొంతు సవరించుకున్నాడు.

"నిర్దోషి."

వెర్నా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమన్నాడు?" అంది. రోసలిన్ మళ్లీ చెప్పింది, చెబుతూ ఏడ్చింది. వెర్నా ఏడవలేదు. లేచి, పెట్టెవైపు తిరిగి, "అందరికీ చాలా థాంక్స్" అంది, బడిపిల్లలకి చెప్పినట్టు. జడ్జి ఆవిడని కూర్చోమనలేదు. జ్యూరీకి ధన్యవాదాలు చెప్పి, బయట ఎవరైనా అడిగితే మాట్లాడవచ్చు, మాట్లాడకపోనూవచ్చు, మీ ఇష్టం, అన్నారు. బ్రెంట్ ఓస్వాల్ట్ మధ్యదారిలోకి జరిగి ముసలామె కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆవిడ వెళుతూ వెళుతూ అతని చేతిని రెండుసార్లు తట్టింది. ఆ తట్టడానికి అర్థం ఏదైనా కావచ్చు.

వరండాలో నెల్సన్ లిఫ్టు దగ్గర నిలబడ్డాడు. జ్యూరీవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు, కోట్లు తొడుక్కుంటూ, కారు ఎక్కడ పెట్టానో అనుకుంటూ. ఇప్పుడు అడగవచ్చు. ఏ చట్టమూ అడ్డం లేదు. అడగడమే తన పని కూడా. క్యాలెండరు గడిని నమ్మారా? ఏజెంటు తడబాటుని నమ్మారా? ఇవేమీ కాక, ముసలామె ముఖం చూసి, ఏ చట్టం ఎలా పోతే పోనీ అన్నారా? మొదటిదైతే తను ఇన్నేళ్లుగా రాసింది నిలిచినట్టు. చివరిదైతే... ఆకుపచ్చ టోపీ ఆవిడ వచ్చి పక్కన నిలబడి బటన్ నొక్కింది.

"మీరా! ఇంకా ఇక్కడే ఉన్నారా?" అంది. "పత్రికలో రాస్తారటగా. లోపల మా పెద్దాయన చెప్పాడు, ఇప్పుడే, అంతా అయిపోయాక."

"రాస్తానమ్మా."

"దీని గురించి కూడా రాస్తారా?"

"రాయాలి. ఏం రాయాలో తెలియడం లేదు."

ఆవిడ ఆలోచించింది. "మాకూ మొదట తెలియలేదు. మొదట్లో ఒకరిమీద ఒకరం అరుచుకున్నాం కూడా. తర్వాత నెమ్మదిగా కూర్చుని మాట్లాడుకున్నాం. తెలిసింది."

"ఏం తెలిసింది?" అనేశాడు. అడగాలనుకుని అడగలేదు, నోరే జారింది.

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ లోపలికెళ్లి, టోపీ చెవులమీదికి లాక్కుంటూ, నవ్వింది. ఎగతాళి లేదు ఆ నవ్వులో, ఇంటి సంగతి అడిగిన చుట్టంతో నవ్వినట్టుంది. "అది మా పన్నెండు మందిదండీ" అంది. "షిఫ్టుకి వేళవుతోంది, వస్తా."

తలుపులు మూసుకున్నాయి. సోమవారం నాడు ఆ పన్నెండు మందిలో ఒకడు కాకుండా తను పోగొట్టుకున్నదేమిటో నెల్సన్‌కి అప్పుడు తెలిసింది. కోటు తొడుక్కుని, బటన్ నొక్కి, మళ్లీ లిఫ్టు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు.